చెల్లె వాటా జున్ను

జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీ ల్యాబులో క్రిములను పరీక్షించడం నా ఉద్యోగం. అక్కడ ఎవరేమడిగినా ఓపికగా చెబుతాను. ఊళ్లో మా అమ్మకు ఫ్రిజ్ గురించి చెప్పేసరికి మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

మా ఇంట్లో బర్రె ఈనితే, జున్నులో ఆడబిడ్డలకు వాటా తీసి పెట్టాలి. వాళ్లు అత్తగారింటి నుంచి వచ్చేదాకా అది ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. కొన్నేళ్ల కిందట ఒకసారి చెల్లె వాటా పన్నెండు రోజులు ఉంది. చెల్లెకు అయిదో నెల. అంతకుముందు ఏడాది ఏడో నెలలో ఒక కడుపు పోయింది. ఈ బిడ్డయినా దక్కాలని ఇంటిల్లిపాదికీ ఒకటే ఆరాటం.

నేను వెళ్లేసరికి చెల్లె జున్ను గిన్నె ఒళ్లో పెట్టుకుని చెంచా వెతుక్కుంటోంది. గొర్లు సాకే ఇల్లు, ఫ్రిజ్ పై అరలో ఎప్పుడూ మాంసం కవరే. దాని నీరు కారి గిన్నె అంచున ఎర్రగా చార కట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. గిన్నె లాక్కున్నాను.

"ఏమైందే నీకు? నిన్న చేసిన లెక్కనే ఉన్నది. వాసన సూడు," అంది అమ్మ.

వాసన రాదు, అదే తంటా. చలికి చాలా క్రిములు చావవు, పెరగడం ఆపుతాయంతే. ఒకటి రెండు రకాలైతే ఆ చలిలోనే మెల్లగా, రోజుల తరబడి పెరుగుతాయి. రంగు మారదు, రుచి మారదు. ఎన్నిసార్లు చెప్పానో లెక్కే లేదు.

"అంత సల్లగుంటే పురుగులెట్ల బతుకుతయే? సదువుకున్నోళ్లకు అన్నిట్ల రోగాలే కనబడ్తయి."

"బతుకుతయమ్మా, పెరుగుతయి గూడ. కడుపుతోని ఉన్నోళ్లకు జర జ్వరమొచ్చి పోతది. లోపల పిల్ల దక్కదు."

కోపంలో అనేశాను. చెల్లె ముందు అనాల్సిన మాట కాదు.

అమ్మ గిన్నె తీసుకెళ్లి పెంటకుప్పలో వంచి, కడిగి బోర్లించింది. తిరిగొచ్చి గడప మీద కూర్చుంది.

"నిరుడు గూడ దీనికి జ్వరమొచ్చింది గద బిడ్డా. దినాలకు దినాలు దాసిన జున్నే పెట్టిన. నేనే చేసిన్నా?"

అప్పుడు ఏ పరీక్షా చేయలేదు, దానివల్లేనని ఎవరూ చెప్పలేరు అన్నాను. అది నిజమే. కానీ కాదని గట్టిగా అనలేకపోయాను, అమ్మ అది గమనించింది.

ఆ కాన్పు మంచిగానే అయింది. చెల్లె కూతురు ఇప్పుడు బడికి పోతోంది. బర్రె ఈనితే అమ్మ ఆ పాలు వాడకట్టులో పంచేస్తుంది, ఇంట్లో జున్ను చేయదు. ఇన్నేళ్లలో నా మాట ఆమె నమ్మింది ఆ ఒక్కసారే.