చెనిక్కాయల పొడికి మెచ్చుకోళ్లు

ఇంజనీరింగు మధ్యలో వదిలేసిన ఏసుకుమార్ నోటికి మాత్రం ఏనాడూ సెలవివ్వలేదు. బెంగళూరులో ఎవరివో కంప్యూటర్లు మొరాయిస్తే తాను మైదుకూరు టీకొట్టులో కూర్చుని ఫోనులోనే లేపి నిలబెట్టానని అతడు చెబుతుంటే, వినేవాళ్ల చేతుల్లో టీ చల్లారిపోయేది. అందుకే వేరుశెనగలతో దంచే చెనిక్కాయల పొడిని ఆన్‌లైన్‌లో అమ్మాలనుకున్నప్పుడు పెద్దమ్మ సంతోషమ్మ ఇంకెవరినీ అడగలేదు.

అంగడి పెట్టుకోవడానికి నెట్‌లో రెండు సాఫ్ట్‌వేర్లు దొరికాయి. ఒకటి సాదాది. పొడి ఫొటో మీద నొక్కితే ఆర్డరు నేరుగా వాట్సాప్‌కు వస్తుంది. రెండోది పెళ్లిపందిరి. మెరిసే బొమ్మలు, కింద కొన్నవాళ్ల మెచ్చుకోళ్లు.

"సాదాదే చాల్లే కుమారా. వాట్సాపు నాకొచ్చు గదా," అనింది సంతోషమ్మ.

"అది సంతలో గోనెపట్ట పరిచినట్టుంటాది పెద్దమ్మా. దీన్ని చూస్తే దుబాయి సేట్లు గూడా నిలబడి కొంటారు."

ఆ మెచ్చుకోళ్లు సాఫ్ట్‌వేరుతో పాటే వచ్చిన నమూనాలు. చెరిపేయాల్సింది. ఏసుకుమార్ వాటిని తెలుగులోకి మార్చి, మధ్యలో 'పొడి' అని చేర్చి ఉంచేశాడు.

"ఎవురప్పా ఈల్లు?" అని ఆమె అడిగింది.

"రుచి చూపియ్యమని నువ్విచ్చిన పొట్లాలు ఊరూరా పంపినా గదా. తిన్నోల్లే రాసినారు."

ఆ పొట్లాలు అతడూ స్నేహితులూ ఎప్పుడో అన్నంలో కలుపుకొని తినేశారు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకు సంతోషమ్మ కొంగు తలమీదికి లాక్కుని లేచింది.

"సంఘానికి వందనాలు. యాడనో ఉండే ప్రియ అనే ఆమె మెచ్చుకోలు రాసింది. ఆమె బిడ్డ అన్నమే తినేది కాదంట. నా పొడితో ఇప్పుడు తింటాండాదంట. ఆ తల్లీబిడ్డల కోసరం దినామూ ప్రార్థన చేస్తాండా."

సంఘమంతా స్తోత్రం అంది. వెనక వరసలో ఏసుకుమార్ చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆమె అతణ్ని ఆపింది. "ఆ బిడ్డ పేరు కనుక్కో కుమారా. పేరు తెలీకుండా ప్రార్థన చేస్తాంటే వెలితిగా ఉండాది."

ఒక పేరేం ఖర్మ, బిడ్డకు బారసాల కూడా చేయించగలిగినవాడు. కానీ పెద్దమ్మ ముఖం చూస్తే అబద్ధానికి నాలుక కదల్లేదు.

"బిడ్డ లేదు పెద్దమ్మా. ప్రియా లేదు. ఆ మాటలు సాఫ్ట్‌వేరులోవి. పొడి అని నేను కలిపినా. పొట్లాలు మేమే తినేస్తిమి."

సంతోషమ్మ తొడుక్కోబోయిన చెప్పులను మళ్లీ పక్కకు విడిచింది.

"తింటే తిన్నారులే. దేవుని సన్నిధిలో నాతో అబద్ధం చెప్పిస్తివే."

"నువ్వు తెలిసి చెప్పలేదు గదా."

"విన్నోల్లకు తెలుసునా?"

ఆమె వెనక్కి తిరిగి, ఇంకా లోపలే ఉన్న పాస్టరుతో అందరినీ ఒక్క నిమిషం కూర్చోబెట్టమంది. ఏసుకుమార్ ఆమె వెంటపడ్డాడు. "నేను చెప్తా పెద్దమ్మా."

"చెప్పు. నేను పక్కనే నిలబడుకుంటా."

మొదటి మాటకే కొందరు నవ్వారు, కుమార్ మళ్లీ ఏవో కోతలు కోస్తున్నాడని. పక్కన తలవంచుకుని నిలబడిన సంతోషమ్మను చూసి ఒక్కొక్కరే నవ్వాపారు. నవ్వుల్లో సగం వినబడలేదని పాస్టరు అనడంతో, అతడు మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది.