వరి వేళ్లు చెప్పిన సాక్ష్యం

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. చెయ్యని నేరానికి ఒక మనిషిని పనిలోంచి తీయించాను. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఆమె వెళ్లిపోయింది. ఆ తరువాత కాసేపటికే తెలిసింది, నేరం నాదని.

మా ల్యాబ్ హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో ఉంది. చుట్టూ అన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. మధ్యలో మేం వరినారు పెంచుకుంటూ ఉంటాం. భాస్వరం చాలనప్పుడు వరి ఏ జన్యువులను మేల్కొలుపుతుంది, మళ్లీ దొరికాక వేటిని నిద్రపుచ్చుతుంది అన్నది మేం చూసేది. రైతు బస్తాలకు బస్తాలు చల్లినా మట్టి చాలావరకు పట్టేసుకుంటుంది, మొక్కకు అందేది కొంచెమే. ఆ కొంచెంతోనే నెగ్గుకొచ్చే రకాల కోసం వెతుకుతున్నాం.

మట్టిలో ఏది ఎంత ఉందో కచ్చితంగా తేలదు కనుక నారును నీళ్లలో పెంచుతాం. ఒక వరుస ట్రేలకు అన్ని పోషకాలూ కలిపిన నీళ్లు, రెండో వరుసకు భాస్వరం లేని నీళ్లు. ఆ రెండో వరుసకు పిసరంత భాస్వరం తగిలినా పనంతా వృథా. సబ్బులో కూడా భాస్వరం ఉండొచ్చు. అందుకే ఆ నీళ్లు కలిపే సీసాలకు సబ్బు పెట్టరు, పలచటి యాసిడ్‌లో నానబెట్టి శుద్ధి చేసిన నీళ్లతో కడుగుతారు. ఆ పని చేసేది బోరబండ నుంచి వచ్చే ఒకామె. ల్యాబంతా ఆమెను అక్కా అనే పిలుస్తుంది.

ఆ ఉదయం నారు వేళ్ల పరీక్ష ఫలితాలు వచ్చాయి. నా కింద పనిచేసే అమ్మాయి గ్రాఫులు తెర మీద పెట్టింది. భాస్వరం అందక ఆకలితో ఉన్న నారులో ఎగసిపడాల్సిన జన్యువులు చప్పబడి ఉన్నాయి. వారాల తరబడి చేసిన పని. అంతా వృథా.

"సీసాలకు సబ్బు తగిలింది," అన్నాను. మిగతా గ్రాఫులు చూడనైనా లేదు.

అక్కను అందరి ముందుకూ పిలిపించాను. చేతులకు తడి గ్లవ్స్‌తోనే వచ్చి నిలబడింది.

"పిల్లల మీద ఒట్టు సార్, నేను సబ్బు ముట్టలే. ఈ మేడం ఎట్ల చెప్తే అట్లనే కడిగిన."

"మరి భాస్వరం ఎక్కణ్నుంచి వచ్చింది? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"గా సంగతి నాకేం ఎరుక సార్? ఎవలు పెట్టిండ్రో మీ మొక్కల్నే అడుగుండ్రి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. అక్కడికక్కడే ఆమెను పంపిన ఏజెన్సీ సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, రేపటినుంచి వేరే మనిషిని పెట్టమన్నాను. అతను రేపటిదాకా ఆగలేదు.

భోజనం చేసి వచ్చి, జరిగిన నష్టం పైవాళ్లకు రాద్దామని కూర్చున్నాను. రిపోర్టుకు ఫొటోలు జతచెయ్యాలి. పరీక్షకని నారు వేళ్లు కోసిన రోజున ఆ అమ్మాయి తీసిన ఫొటోలు తెరిచాను.

భాస్వరం లేని వరుసలో నారు గిడసబారి ఉంది. ఆకులు ముదురు రంగుకు తిరిగాయి. తిండి వెతుక్కుంటూ వేళ్లు పొడవుగా సాగాయి. సీసాలకు మొదటినుంచీ సబ్బు అంటి ఉంటే ఇవి ఇలా ఉండవు, పుష్టిగా ఉంటాయి. ఇవి నిజంగా పస్తులున్న మొక్కలు.

గ్రాఫులు మళ్లీ పైనుంచి కిందికి చూశాను. అన్ని జన్యువులూ చప్పబడలేదు. నెమ్మదిగా సద్దుమణిగేవి ఇంకా మేలుకునే ఉన్నాయి. తిండి అందగానే అన్నిటికంటే ముందు సద్దుమణిగేవి కొన్ని ఉంటాయి, అవి మాత్రమే ఆగిపోయాయి. అంటే వేళ్లు కొయ్యడానికి కాస్త ముందు, మహా అయితే ఒకటి రెండు గంటల ముందు, ఎవరో వాటికి భాస్వరం పోశారు.

ఎవరో.

అప్పుడు గుర్తొచ్చింది. వేళ్లు కోసిన రోజు వాన. ఆ అమ్మాయి చందానగర్ నుంచి రావాలి, ట్రాఫిక్‌లో చిక్కుకుంది. నేను ల్యాబ్‌లోకి తొంగిచూస్తే ట్రేల్లో నీళ్లు తగ్గి వేళ్లు బయటపడి ఉన్నాయి. మేలు చేస్తున్నాననుకుని, చేతికందిన క్యాన్‌తో రెండు వరుసలూ నింపేశాను. క్యాన్ మీద ఏం రాసి ఉందో చదవలేదు, అది అన్ని పోషకాలూ కలిపిన నీళ్లదే అయి ఉండాలి. మీటింగుకు పరుగెత్తి, ఆ సంగతే మరిచిపోయాను. తరువాత ఆమె వచ్చి వేళ్లు కోసి, ఉన్నవున్నట్టు గడ్డకట్టించి దాచింది.

 నేను పూర్తిగా మరిచిపోయిన పనిని ఆ వేళ్లు అలాగే పట్టుకుని ఉన్నాయి.

ఆ అమ్మాయిని పిలిచి చెప్పాను.  "ఇన్ని వారాల పని పోతే పోయింది సార్. ముందు అక్కకు ఫోన్ చెయ్యండి," అంది.

అక్క ఫోన్ తియ్యలేదు. ఇంటి గుర్తులు కనుక్కుని, లోకల్ రైలెక్కి బోరబండలో దిగాను. అక్కే తలుపు తీసింది.

"ఏంది సార్, ఇంటిదాంక వచ్చిండ్రు? ఇంకేమన్న ఖరాబైందా?"

"తప్పు నాదక్కా. ఆ నీళ్లు పోసింది నేనే. నన్ను క్షమించు."

"మీరా?" చేతులు కొంగుతో తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "లిఫ్టు కాడ అందరు సూస్తుండంగ సెక్యూరిటాయన నా బ్యాగు ఇప్పి జూసిండు సార్. టిఫిన్ డబ్బ గూడ తీపిచ్చిండు. దొంగతనం జేసిందనుకున్నరు. నాకు చెప్తిరి, మంచిదే. గాళ్లందరికి ఎవలు చెప్తరు?"

బ్యాగు సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. సూపర్‌వైజరుకు ఆమె గుమ్మంలోంచే ఫోన్ చేసి, జరిగింది చెప్పి, భవనంలోకి వచ్చే ఆమె కార్డు తిరిగి ఇవ్వమన్నాను. అతను నసిగాడు. వదలకుండా ఒప్పించాను.

మర్నాడు ఉదయం, జనం లిఫ్టు కోసం కిక్కిరిసి ఉండే వేళకు అక్క వచ్చింది. నేను ఆమె పక్కనే నిలబడి, ఆ సెక్యూరిటీ మనిషితో అందరికీ వినపడేలా చెప్పాను. "నిన్న మీరు ఈమె బ్యాగు చూశారు. ఈమె ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు చేసింది నేను, ఈమె మీద వేసిందీ నేనే."

కొందరు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి చూశారు. సెక్యూరిటీ ఆయన తల దించుకుని కార్డు ఇచ్చాడు. అక్క దాన్ని మెడలో వేసుకుని, "జర జరుగుండ్రి సార్, తొవ్వకు అడ్డమున్నరు," అంటూ నన్ను దాటి లిఫ్టెక్కింది.

ఆ పూట జరిగినదంతా నా పేరుతో పైవాళ్లకు రాసి పంపాను. తరువాత ఆ అమ్మాయి పక్కన కూర్చుని, కొత్త నారుకు వడ్లు నానబోశాను.