పార్కులోని ఇంజన్ కింద దూరిన రోజు

గోదావరిఖని గనిలో పనిచేసి రిటైరయ్యాక, చిన్నప్పుడు బొగ్గు వ్యాగన్లను లాగుతుండగా చూసిన ఆవిరి ఇంజన్‌కు చిన్న నమూనా చేయడం మొదలుపెట్టాను. ఎవరూ నేర్పలేదు, పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. చేతుల్లో వణుకు మొదలైంది కనుక తొందరపడ్డాను. చివరికి బాయిలర్‌లోకి నీళ్లు నెట్టే ఇత్తడి ఇంజెక్టర్ ఒక్కటే మిగిలింది. దాని కొలతలు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ ఇంజన్నే రంగులేసి ఒక పార్కులో నిలబెట్టారని విని, టేపు పట్టుకుని వెళ్లి దాని కిందికి దూరాను. ఇంజెక్టర్ ఉండాల్సిన చోట రేకు ముక్క అతికించి, దానికీ నున్నగా రంగు పూశారు.

అంతలో కాపలాదారు నా కాళ్లు పట్టి బయటికి లాగాడు. "ఏం కాక, ఈ వయసుల తుక్కు దొంగతనానికి వచ్చినవా?" అన్నాడు. చుట్టూ జనం నవ్వారు.

"దొంగలు మీరు. గీడున్న ఇత్తడి సామాను ఏమాయె?" అన్నాను.

"అదెప్పుడో కరిగించి, బొగ్గుబాయి కాడ మైసమ్మకు గంట పోయించిండ్రు. పోయి అమ్మవారిని అడుగు."

ఇక ఎవరితో కొట్లాడను? ఉద్యోగమున్నన్నాళ్లూ గనిలోకి దిగే ముందు, ప్రాణాలతో పైకి రావాలని మొక్కి ఆ గంటనే కొట్టాను. నమూనా ఇంట్లో బల్ల మీద అలాగే ఉంది. నీళ్లు తీసుకోలేని దాన్ని ఇంజన్ అనలేను. ముట్టుకోవడం మానేశాను.