భూతద్దం కింద నా బొటనవేలు

కొత్తపేట దగ్గర సర్క్యూట్ బోర్డులు చేసే చిన్న కంపెనీలో నేను బోర్డులు తనిఖీ చేస్తాను. అవి రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లకు వెళ్తాయి. ఏరియేటర్ ఆగితే రొయ్యలు చచ్చి తేలతాయి.

పోయిన వేసవిలో పన్నెండు బోర్డులు పాడై తిరిగొచ్చాయి.

“తప్పెవరిదో మీరే తేల్చండమ్మా. వాళ్లని పనిలోంచి తీసేస్తాను” అన్నారు ఓనరుగారు.

భూతద్దంలో చూశాను. అన్నిట్లోనూ ఒక మూల టంకం అతుక్కోలేదు. అక్కడ జిడ్డు బొటనవేలి ముద్ర, దాని మధ్య అడ్డంగా గాటు. కొబ్బరికాయ కొడుతూ కోసుకున్న నా బొటనవేలి గాటే అది! పొద్దున్నే పాప తలకి నూనె రాసి, వచ్చి టంకం వేయకముందే గ్లవ్స్ లేకుండా బోర్డులు పట్టుకుని చూసేదాన్ని.

“కనిపెట్టేరా అండీ?” ఓనరుగారు వెనకే ఉన్నారు.

బోర్డు పక్కనే నా వేలు పెట్టాను.

ఆయన ముద్రనీ వేలినీ మార్చి మార్చి చూసి, “గ్లవ్స్ వేసుకోండమ్మా” అన్నారు. “ఆయ్” అని గ్లవ్స్ అందుకున్నాను.

ఉద్యోగం నిలిచింది. పాప తలకి నూనె రాశాక మాత్రం ఇప్పటికీ ఆ బొటనవేలిని సబ్బుతో రెండుసార్లు రుద్ది కడుగుతాను.