దారి తెలియని కంపాస్ మాస్టారు

కంపాస్ మాస్టారికి దారి తెలియదు. ఈ ఒక్క ముక్క చెబితే ఆయన గురించి సగం చెప్పేసినట్టే. విమానం నడపడం నేర్చుకునేవాళ్ళకి ఇరవై ఆరేళ్ళుగా చార్టు చదవడం, దాని మీద దారి గీయడం నేర్పుతున్న మనిషి, తరగతి గది దాటగానే క్యాంటీను ఎడమవైపో కుడివైపో తేల్చుకోలేక గుమ్మంలోనే నిలబడిపోతాడు. ఒకసారి ప్రిన్సిపాల్ గదికని బయల్దేరి క్యాంటీను స్టోర్‌రూంలో తేలాడు. బియ్యం బస్తా మీద పావుగంట కూర్చుని, "ప్రిన్సిపాల్‌గారు ఇంకా రాలేదా?" అని వంటమనిషిని అడిగాడు.

ఆ ఏడాది ఆయన దగ్గర చేరినవాళ్ళలో ఒక దర్జీగారి కూతురుంది. మొదటిరోజు చార్టు మీద దూరం కొలవమంటే అలవాటుగా సంచిలోంచి బట్టలు కొలిచే టేపు తీసింది. గదంతా గొల్లున నవ్వింది. ఆ పూటనుంచీ ఆమె పేరు టేపు.

మాస్టారు మాత్రం నవ్వలేదు. "కొలత విలువ తెలిసిన పిల్ల. కాకపోతే ఇక్కడ అంగుళాలు పనికిరావమ్మాయ్. నిలువు గీత మీద చిన్న చిన్న గాట్లున్నాయి చూడు. ఒక్కో గాటు ఒక్కో నాటికల్ మైలు. కొలబద్ద కాగితం మీదే ఉంది."

టేపు ముక్కు చార్టుకి ఆనించి చూసింది. కొండలు ఎత్తు పెరిగేకొద్దీ రంగు ముదురుతోంది. ప్రతి టవరు నెత్తినా దాని ఎత్తు రాసుంది. రైలు పట్టాలు కుట్టువేసినట్టున్నాయి. గంటసేపు తల ఎత్తలేదు.

కాగితం మీద ఆమెకి తిరుగులేదు. గీత గీసేది, కోణం కొలిచేది, కంపాసు ముల్లు ఉత్తరానికి ఎంత తేడా చూపిస్తుందో సరిచేసేది. దానికి మాస్టారి సూత్రం ఉండనే ఉంది: "తేడా తూర్పుకైతే తీసెయ్, పడమరకైతే పెంచెయ్!" చిక్కంతా గాల్లోనే. కనిపించాల్సిన ఊరు కనిపించకపోతే చాలు, చేతులు చల్లబడిపోయేవి. దాన్ని వెతుక్కుంటూ అటు తిప్పి, ఇటు తిప్పి, ఉన్న దారి కూడా పోగొట్టుకునేది. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇంటికే.

రెండోసారి తప్పిన సాయంత్రం మాస్టారు గేటు దగ్గర పట్టుకున్నాడు.

"అమ్మాయ్, మా ఇల్లెటో చెప్పగలవా?"

"మీ ఇల్లు నాకెలా తెలుస్తుందండీ?"

"నాకూ తెలియదు. అదే కదా చిక్కు!" అంటూ ఊరి మ్యాపు చేతిలో పెట్టాడు. మధ్యలో ఎక్కడో ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు. "మా ఆవిడ పెట్టింది. అక్కడ దింపి పుణ్యం కట్టుకో."

అలా మొదలైంది. రోజూ బస్సెక్కేవారు, రోజూ మాస్టారు ఏదో కొత్త స్టాపులో దిగిపోయేవాడు.

"నిన్న దిగింది ఇక్కడ కాదు కదండీ?"

"కాదా? అన్నీ ఒకేలా ఉంటాయమ్మాయ్."

ఆమె సందుల్లోకి పరుగుతీయబోతే మాస్టారు ఎక్కడివాడక్కడ నిలబడిపోయేవాడు. "ముందు గడియారం చూడు. ఎంతసేపు నడిచాం?"

"ఎనిమిది నిమిషాలు."

"అయితే మ్యాపు ప్రకారం ఎక్కడుండాలి?"

"నీళ్ళట్యాంకు పక్కన."

"మరి ట్యాంకు కోసం చూడు. కనిపించినదాన్నల్లా మ్యాపులో వెతకడం కాదు, మ్యాపులో ఉన్నదాన్ని నేల మీద వెతకాలి."

ఒకరోజు లెక్క తప్పి మంగలి షాపులో తేలారు. మాస్టారు "ఎలాగూ వచ్చాం కదా" అని గడ్డం గీయించుకున్నాడు. దారే తెలియని మనిషికి దారి వెతికే కిటుకులు ఇన్ని ఎలా తెలుసా అని టేపు బుర్ర బద్దలుకొట్టుకునేది.

ఆరు వారాల తర్వాత మూడో పరీక్ష. ఈసారి ఒంటరిగా ఎగరాలి. రెండో మలుపు దాటాక పొగమంచులాంటి మసక కమ్ముకుంది. పద్నాలుగో నిమిషానికి కింద నది మీద రైలు వంతెన రావాలి. రాలేదు. విమానం తిప్పేద్దామని చెయ్యి కదిలింది.

పక్క సీటు ఖాళీ. అయినా అక్కడ మాస్టారు బస్సు టికెట్టు పట్టుకుని, "ఇప్పుడెక్కడున్నామమ్మాయ్?" అని బిక్కమొహం వేసుక్కూర్చున్నట్టే అనిపించింది.

"కంగారుపడకండి మాస్టారూ, నేనున్నాను కదా," అంది పైకే. గడియారం చూసింది. చార్టు చూసింది. విమానం ముక్కు తిప్పలేదు.

మరో నిమిషంన్నరకి నది మెరిసింది. వంతెన మాత్రం దూరంగా ఎడమపక్కన ఉంది. అంటే అనుకున్నదానికంటే గట్టిగాలి ఎడమనుంచి తోసేస్తోందన్నమాట! ముక్కు ఎడమకి తిప్పి, లెక్క సరిచేసుకుని, అనుకున్నదానికి మూడు నిమిషాలు ఆలస్యంగా శుభ్రంగా దిగింది.

పాసయింది. మాస్టారికి చెబుదామంటే, ఆమె దిగడం చూసి అప్పుడే వెళ్ళిపోయాడన్నారు. టేపు నేరుగా ఆయనింటికెళ్ళింది. ఇంట్లో మాస్టారి భార్య ఒక్కతే ఉంది.

"మాస్టారింకా రాలేదాండీ? అయ్యో, ఇవాళ ఎవరు తోడొస్తున్నారో! పాపం ఆయనకి దారి తెలియదు కదా."

ఆవిడ చేతిలో టీ ఒలికిపోయేలా నవ్వింది. "దారి తెలియకపోవడమేమిటమ్మా! ఆయన పుట్టిందే ఈ ఇంట్లో. స్కూల్లో చదువుకునేటప్పుడు ఈ సందులన్నిట్లో పేపర్లు వేసేవాడు."

"మరి క్యాంటీను? ఆ స్టోర్‌రూం?"

"నాటకం రక్తి కట్టొద్దూ? ఎవరి చేతులు వణుకుతాయో చూసి వాళ్ళనే వెంటేసుకొస్తాడు. మనకంటే బెంబేలుపడే మనిషి పక్కనుంటే మన భయం మనకి గుర్తురాదట. ఏటా ఒకరు. ఆ అడ్డమైన నడకలకి రోజూ మోకాళ్ళకి నూనె రాయలేక చస్తున్నాను."

ఇద్దరూ టీ తాగారు. గంట గడిచింది. మాస్టారి జాడ లేదు.

చివరికి తలుపు తోసుకుని వచ్చాడు. చెప్పుల నిండా బురద, జుట్టంతా రేగిపోయి ఉంది. లోపలెవరున్నారో చూడకుండానే మొదలుపెట్టాడు: "ఏమేవ్, పిల్ల విమానాన్ని ఎంత బాగా దింపిందనుకున్నావ్! అదే తలుచుకుంటూ, ఆకాశంకేసి చూస్తూ నడిచానా, ఎక్కడికో పోయాను. ముగ్గుర్ని అడిగితేగాని ఇల్లు దొరకలేదు!"

"మళ్ళీ నాటకమా?" అంది ఆవిడ.

"నీమీదొట్టు, ఈసారి నిజంగానే తప్పిపోయానే!" అని తల తిప్పి, కుర్చీలో కూర్చున్న టేపుని చూసి, నాలిక్కరుచుకున్నాడు.