సముద్రం వైపు కిటికీ ఉన్న గది

ఈ మాట నా లోపల ఎన్నేళ్లుగా ఉందో లెక్క పెట్టుకోలేదు. పడుకుని పక్కకు తిరిగితే, అదీ నాతోపాటే దొర్లుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ములకలపల్లిలో నా పేరెత్తితే జనం నవ్వుతారు. బట్టలు కుట్టడం నా పని, కోతలు కోయడం నా అలవాటు. వానకు తడిసిన చిరుతపులి నా కుట్టుమిషన్ కింద పడుకుని గురక పెట్టిందని చెప్పాను. కదులుతున్న బస్సు కిటికీలోంచి పెళ్లికొడుకు చొక్కాకు గుండీలు కుట్టానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. నమ్మాలని నేనూ అనుకోలేదు.

ఒక్క అబద్ధాన్ని మాత్రం ఒక మనిషి నమ్మింది. నా భార్య సైదమ్మ. పెళ్లయిన కొత్తలో ఆమె ముందు గొప్పగా కనబడాలని, అంతకుముందు బాపట్ల వైపు సముద్రం ఒడ్డున ఏడాదిపాటు ఉండి వచ్చానన్నాను. అక్కడ రత్నమ్మ అనే ఆమె తన ఇంట్లో పై గది కిరాయికి ఇచ్చేదనీ, పొద్దున్నే పెసరట్టు పెట్టేదనీ, నేను తింటుంటే అల వచ్చి గడప కడిగిపోయేదనీ కథ అల్లాను. సైదమ్మది అడవి అంచు ఊరు. గోదావరి కంటే పెద్ద నీళ్లు చూడలేదు. ఎవరైనా నన్ను ఎగతాళి చేస్తే, "కడమవి ఏమోగాని సముద్రం ముచ్చట నిజం" అనేది.

తర్వాత షుగర్ ఆమె కళ్లను పట్టుకుంది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు ఇక చూపు నిలబడదన్నాడు. చూడాలనుకున్నవి ఉంటే తొందరగా చూపించమన్నాడు. తిరుగు బస్సులో సైదమ్మ ఒక్కటే అడిగింది. సముద్రం.

పరుపులు కుట్టే జానీ నా దోస్తు. అతని అత్తగారిది తీరం ఊరు. అక్కడ ఒడ్డు మీద ఇళ్లవాళ్లు గది ఇచ్చి పొద్దున టిఫిను కూడా పెడతారనీ, శని ఆదివారాలు హాయిగా ఉండి రావచ్చనీ కనుక్కొచ్చాడు. మూడు ఇళ్లు చెప్పాడు. ఒకదాని కిటికీ సముద్రం వైపే ఉంది. గాలి ఎక్కువన్నాను. రెండోది సరుగుడు తోటలో. పాములుంటాయన్నాను, అడవిలో పుట్టి పెరిగిన మనిషితో. మూడోది చేపల వాసన అన్నాను. "సముద్రం కాడ చేపల వాసన రాక మల్లెపూల వాసన వస్తదారా?" అని జానీ నవ్వాడు.

ఎందుకు వద్దన్నాను? వెళితే రత్నమ్మ ఇల్లు చూపించమంటుంది. ఆ ఇల్లు లేదు, రత్నమ్మా లేదు. నిజం చెప్పేస్తే ఏమయ్యేది? నవ్వేదేమో, ఒక పూట అలిగేదేమో, ఆ తర్వాత బస్సెక్కి వెళ్లి సముద్రం చూసేవాళ్లం. మరి ఆమె కళ్లలో మిగిలిన చూపు కంటే, ఆ కళ్లలో ఉన్న నా బొమ్మే నాకు ముఖ్యమైందా? అయింది. దీన్ని ఇంకోలా చెప్పాలని చాలా చూశాను. రాలేదు.

చివరికి ఆమే అంది. "గీ ఇండ్లన్నీ ఎందుకయ్యా, రత్నమ్మకే ఫోన్ చెయ్యరాదు. నీ పేరు చెప్తే గది ఇయ్యదా?"

బస్టాండు దగ్గర కిరాణా కొట్టు ముందు రూపాయి ఫోను ఉండేది. సైదమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల నా చేతిలో పెట్టింది. ఏవో అంకెలు నొక్కి గట్టిగా మాట్లాడాను. అక్కా, నేనే అన్నాను. గట్లనా అన్నాను. నవ్వాను కూడా.

"ఏమన్నది?"

"గదులు ఖాళీ లేవంట. వానలు పోయినంక రమ్మన్నది."

"పెసరట్లు ఇంకా పోస్తదా?"

"పోస్తదంట."

"నా గురించి అడిగిందా?"

"అవ్, అడిగింది. నిన్నెప్పుడు తోలుకొస్తవ్ అన్నది."

పొద్దు గూకుతోంది. దారి సరిగా కనబడక ఆమె నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు. రూపాయి ఫోనులో వెయ్యలేదు. అది నా అరచేతిలోనే ఉంది, మా ఇద్దరి చేతుల మధ్య. బిళ్ల పడకపోతే మన మాట అవతలికి పోదని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె వేళ్లు దాని మీద కాసేపు ఆగాయి. తర్వాత నా చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాయి.

వానలు పోయాయి. చూపు అంతకంటే ముందే పోయింది. సముద్రానికి పోదామని ఆమె మళ్లీ అడగలేదు. నా కుట్టు కొట్టు దగ్గర ఎవరైనా నన్ను ఆటపట్టిస్తే మాత్రం, మొహం ఆ గొంతు వైపు తిప్పి, "సముద్రం ముచ్చట నిజం" అనేది. ఎప్పటి మాటే, ఎప్పటి గొంతే. నేను తలెత్తకుండా మిషన్ తొక్కుతూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు సైదమ్మ లేదు. క్షమించగలిగేది ఆమె ఒక్కతే, ఆమెను అడగలేదు. మిమ్మల్ని అడగడం లేదు. కిటికీ సముద్రం వైపు ఉన్న ఆ గది ఇంకా ఉందట, పోయొద్దాం రమ్మని జానీ ఇప్పటికీ పిలుస్తాడు. నేను పోను.

నేను సముద్రం చూడలేదు. ఎప్పుడూ చూడలేదు. ఇది రాసి, కలం పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాను. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.