పుంత కోసం బోనెక్కిన ముత్యాలమ్మ

ముత్యాలమ్మగారు మొదటిసారి మా ఆఫీసుకి వచ్చినప్పుడు ఖాళీ చేపల గంప గుమ్మం బయట బోర్లించి, కుళాయి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కుని లోపలికి వచ్చారు. కూర్చోమంటే కుర్చీ అంచు మీదే కూర్చున్నారు. అప్పటికి నేను ఏలూరు కోర్టులో ప్రాక్టీసు పెట్టి మూడేళ్లు. సొంతంగా వాదించి గెలిచిన సివిల్ దావా ఒక్కటీ లేదు.

ఆవిడది కొల్లేటి ఒడ్డున యాభై గడపల ఊరు. భర్త సూర్రావు వల వేస్తారు, పని దొరికిన రోజున చేపల చెరువుల్లో కూలికి వెళతారు. ఈవిడ తెల్లారేసరికి చేపలు ఏలూరు మార్కెట్టుకి తెచ్చి అమ్ముతారు. ఊరి నుంచి తారురోడ్డుకి ఉన్నది ఒకే ఒక పుంత, పూర్వం ఎడ్లబళ్లు నడిచిన మట్టిదారి. దానికి అటూ ఇటూ చెరువులున్న రాజకుమార్ అనే ఆసామి ఒక వేసవిలో ప్రొక్లెయిన్ పెట్టి ఆ పుంతను తవ్వించి, రెండు చెరువులను ఒకటి చేసేశారు. అప్పటి నుంచి నెత్తిన గంపతో గట్ల మీద నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. ముత్యాలమ్మగారి కోడలు నాగదుర్గకి నొప్పులొచ్చిన రోజున 108 బండి రోడ్డు మీదే ఆగిపోయింది. ఆమెను మంచం మీద మోసుకెళ్లారు. తల్లీ బిడ్డా బతికారు. ఆ పిల్ల బారసాల అయిన మర్నాడే ఈవిడ నా దగ్గరికి వచ్చారు.

“తప్పు మాదైతే చెప్పండమ్మా, వెళ్లిపోతాను. మాది కాకపోతే మాత్రం కోర్టులోనే తేలాలండి,” అన్నారు.

ఊరి తరఫున దావా వేశాం. పన్నెండు మంది పేర్లిచ్చారు. మొదటి వాయిదా నాటికి, చెరువుల్లో పని పోతుందన్న భయంతో ఏడుగురు వెనక్కి తగ్గారు. సూర్రావు కూడా వద్దన్నారట. ఆయన భయపడినట్టే ఆయన్ని పనిలోకి పిలవడం మానేశారు. ముత్యాలమ్మగారు రోజూ రెండో గంప కూడా మోయడం మొదలుపెట్టారు.

అక్కడ అసలు పుంతే లేదు, అది తన సొంత గట్టు, దయతలచి జనాన్ని నడవనిచ్చాను అని రాజకుమార్ గారు జవాబు దాఖలు చేశారు. పాత గ్రామపటం తీయించి చూస్తే పుంత గీత సగంలోనే చెరిగిపోయి ఉంది. ఇక సాక్ష్యం మీదే కేసు నిలబడాలి.

ఆవిడని సాక్ష్యానికి సిద్ధం చేయడం దావా రాయడం కంటే కష్టమైంది. ఒకటి అడిగితే పది చెప్పేవారు. కోపమొస్తే మధ్యలోనే లేచి నిలబడేవారు. మా గుమాస్తా పద్మనాభంగారిని అవతలి వకీలుగా నటించమన్నాను. ఆయన తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన మనిషి, ఎవరి మీదా గొంతు పెంచి ఎరుగరు. “మీరు అబద్ధం చెబుతున్నారండి,” అని ఎంతో మర్యాదగా గద్దించేవారు. ముత్యాలమ్మగారికి నవ్వొచ్చేది. దాంతో నేనే అవతలి వకీలునయ్యాను. మూడు నెలలపాటు ప్రతి బుధవారం, చేపలు అమ్ముడైపోయాక వచ్చేవారు. చదువు లేని మనిషి మాటకి విలువేమిటని ఎత్తిపొడిచాను. ఊళ్లో తగవులు పెట్టేది మీరేనన్నాను. మొదట్లో కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పోనుపోను, నా ప్రశ్న పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి, అడిగినంతవరకే నిజం చెప్పి ఊరుకోవడం ఆవిడకి అలవాటైంది.

ఆ బుధవారాల్లోనే ఒకసారి మాటల మధ్య, పుంత తవ్వడానికి ముందటి ఏడు ఊళ్లో మూడు రోజులు కరెంటు లేదని చెప్పారు. ఎందుకని అడిగాను. పుంత వెంబడి ఉన్న స్తంభాలు పీకి అవతలి గట్టు మీద పాతారట. స్తంభాలు మార్చాలంటే ఎవరో ఒకరు అర్జీ పెట్టుకోవాలి కదా అని నాకు తట్టింది. సమాచార హక్కు కింద దరఖాస్తు రాసిచ్చాను. ఆవిడే కరెంటు ఆఫీసుకి వెళ్లి, వేలిముద్ర వేసి ఇచ్చి, రసీదు కొంగున ముడేసుకుని వచ్చారు.

నెల తిరిగేసరికి పోస్టులో కాగితాలు వచ్చాయి. వాటిలో రాజకుమార్ గారు సంతకం చేసిన అర్జీ ఉంది. తన చెరువు పక్కన ‘ఊరి పుంత’ వెంబడి ఉన్న ఆరు స్తంభాలను మార్పించమని రాసుకున్నారు. నేను చదివి వినిపిస్తే, ఆ రెండు మాటలూ ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమన్నారు. చూపించాను. వాటిని మెల్లగా వేలితో తడిమారు.

ఆవిడ బోనెక్కిన రోజున అవతలి సీనియర్ వకీలు గంటన్నర ప్రశ్నలు వేశారు. చదువు సంగతి అడిగారు. తగవుల సంగతి అడిగారు. చివరికి అసలు మాటకు వచ్చారు.

“రాజకుమార్ గారు జాలిపడి తన గట్టు మీద మిమ్మల్ని నడవనిచ్చారు, అవునా?”

ముత్యాలమ్మగారు ఒక్క క్షణం ఆగారు.

“నేను ఈ ఊరికి కోడలిగా ఎడ్లబండిలో ఆ పుంత మీదే వచ్చానండి. అప్పటికి రాజకుమార్ గారు ఇంకా పుట్టలేదండి.”

మరొక్క మాట కలపలేదు. జడ్జిగారు తలెత్తి ఆవిడ వైపు చూసి, ఆ జవాబును ఉన్నదున్నట్టు టైపు చేయించారు. నా వెనక పద్మనాభంగారు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

తర్వాతి నెల రాజకుమార్ గారి వంతు. కరెంటు ఆఫీసు వాళ్లు కోర్టుకి తెచ్చిన అసలు అర్జీ ఆయనకి చూపించి, సంతకం ఎవరిదని అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, తనదేనన్నారు. మరి అందులో ఊరి పుంత అని ఎందుకు రాశారంటే, తన వకీలు వైపు చూశారు.

దావా వేసిన రెండేళ్ల నాలుగు నెలలకు తీర్పు వచ్చింది. అది ఊరందరి దారి అనీ, మూడు నెలల్లో ప్రతివాది తన ఖర్చుతో పూడ్చి పూర్వంలా చేసి ఇవ్వాలనీ. వరండాలో పద్మనాభంగారు వివరంగా చెబుతుంటే, వెనక్కి తగ్గిన వాళ్లలో నలుగురు కూడా వచ్చి ఓ పక్కగా నిలబడ్డారు. ముత్యాలమ్మగారు అందరితోపాటు వాళ్లకీ టీ చెప్పారు.

రాజకుమార్ గారు అప్పీలుకి వెళ్లలేదు. మట్టి పనికి మనుషులు కావలసి సూర్రావుకీ కబురు పెట్టారు. వెళ్లనా అని ఆయన భార్యని అడిగారట. వెళ్లండి, మన పుంతే కదా అన్నారట ఆవిడ.

పని పూర్తయిన వారం నేనూ పద్మనాభంగారూ చూడ్డానికి వెళ్లాం. తారురోడ్డు మీద బస్సు దిగి ఎక్కిన ఆటో ఎక్కడా ఆగకుండా నేరుగా ఊళ్లోకి వెళ్లింది. ముత్యాలమ్మగారు మనవరాలిని చంకనేసుకుని ఎదురొచ్చారు. నేను ఆటో దిగుతుండగానే, సూర్రావు డ్రైవరు దగ్గరికి వెళ్లి, అతను అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు.

“ఈ దారి మా ఆవిడ గెలిచిందండి. ఏలూరు కోర్టులో బోనెక్కి చెప్పిందండి.”

ఆవిడ విననట్టే మనవరాలి గౌను సర్దుతూ నిలబడ్డారు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.